బెజ్జాల మిషన్ అరుపు

మా అన్న ఓబళప్ప నలుగురిలో నన్ను తిట్టడం కొత్త కాదు. తిని తిని అలవాటు పడ్డవాణ్ణి. కానీ హేమంత్‌కుమార్ ముందు అన్న మాట మాత్రం ఇవాళ్టికీ కడుపులో మండుతూనే ఉంది.

హేమంత్‌కుమార్ అంటే సర్జాపుర రోడ్డులో విల్లాలు కడుతున్న కాంట్రాక్టరు. వాటికి గుమ్మాలూ తలుపులూ చేసేది మా షెడ్డు. కె.ఆర్.పురం స్టేషను వెనక మా నాన్న వేసిన రేకుల షెడ్డు. నాన్న పోయాక అన్న మేస్త్రీ, నేను ఆయన కింద. ఆ పొద్దు హేమంత్‌కుమార్ లోపలికి అడుగు పెట్టేసరికి నేను బెజ్జాల మిషన్ దగ్గరున్నాను. మిషన్ అరుస్తోంది. మామూలు అరుపు కాదు. పళ్ళు జివ్వుమనేలా, సన్నగా, తెంపు లేకుండా. వచ్చిన మనిషి వచ్చినట్టే వాకిట్లో నిలబడిపోయి రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఏమప్పా ఇది! ప్రాణం తీస్తా ఉండాది. విల్లా ఓనర్లను ఈడికి పిలుచుకోనొచ్చి పని చూపిద్దామని ఉంటి. ఈ సౌండు విన్నారంటే నా మర్యాద ఏం కావాల?"

నేను మిషన్ ఆపాను. నోరు తెరిచేలోపే అన్న రంపం దగ్గర్నుంచి వచ్చి నిలబడ్డాడు. చెవులు మూసుకున్న ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మా తమ్ముని చెయ్యి బరువు సార్," అన్నాడు. "లివర్ మీద ఒళ్ళంతా వేస్తాడు. మిషన్ ఏడవక ఏం చేస్తాది? అందుకే కదా ఇంకా వీనికి కీ ఇయ్యలేదు. ఇచ్చిన మరుసటి దినమే షెడ్డు మూసుకోవాల."

యాభై దగ్గరపడుతున్నవాణ్ణి. గడ్డం సగం నెరిసింది. నన్ను పట్టుకుని, బయటి మనిషి ముందు, లివర్ నొక్కడం రాదన్నాడు! మూలన పాలిష్ పడుతున్న రేణుక తల వంచుకుంది. నాకు మాత్రం భూమి చీలితే బాగుండునని కాదు, చేతిలో ఉన్న టేకు ముక్కతో అన్న నెత్తిన ఒకటి వేస్తే బాగుండునని అనిపించింది.

కీ అన్నాడు కదా అన్న, దాని సంగతి చెప్పాలి. గుమ్మం కట్టాలంటే నిలువు కొయ్యలో చదరపు బెజ్జం పడాలి, అడ్డ కొయ్య కొన అందులో బిగువుగా దూరాలి. ఆ బెజ్జం వేసేదే ఈ మిషన్. గొట్టంలా బోలుగా ఉండే చదరపు ఉలి, దాని లోపల తిరిగే బరమా. బరమా గుండ్రంగా తొలుస్తుంది, ఉలి నాలుగు మూలలూ కోస్తుంది. రెండింటి మధ్యా కొంచెం సందు ఉండాలి. ఎక్కువైతే పొట్టు ఇరుక్కుంటుంది. తక్కువైతే ఇనుము ఇనుముని రాసుకుని ఉలి వేడెక్కి నీలంగా మాడిపోతుంది. అంతా ఆ సందులోనే ఉంది.

బెంగళూరులో మిగతా షెడ్లవాళ్ళు ఉలి మెడ దగ్గర రూపాయి బిళ్ల అడ్డం పెట్టి, బరమాను పైదాకా తోసి బిగించి, బిళ్ల తీసేసి ఉలిని పైకి నెట్టేస్తారు. బిళ్ల మందం ఎంతో సందు అంత. మా ఇంట్లో మాత్రం అలా చేస్తే పరువు తక్కువ. "అది చెవి లేనోళ్ళు చేసే పని," అనేవాడు నాన్న. మా పద్ధతి వేరు. బరమాను ఉలికి తగిలేదాకా పైకి తోయాలి. చెవి దగ్గరగా పెట్టి, బరమాను పట్టి ఉంచే చక్‌ను చేత్తో తిప్పాలి. రాసుకుంటున్న చప్పుడు వినబడుతుంది. అది పోయేదాకా వెంట్రుక వెంట్రుకగా కిందికి దించి, అక్కడ బిగించాలి. నాన్న అలాగే పెట్టాడు, అన్నకు అదే నేర్పాడు, నేను పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను.

ఆ బిగించే చక్ కీ ఎవరి నడుముకుంటే వాడే మా షెడ్డుకు మేస్త్రీ. ఆయుధపూజ రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి, నల్లతాడుతో నడుముకి కట్టుకుంటాడు. ఇంకొకడు ఉలి ముట్టకూడదు. ఉలి మార్చాలంటే నేను వెళ్ళి అన్నను పిలుచుకు రావాలి. పిలిస్తే పలికే రకమా ఆయన? "అన్నా!" అని వెనకనుంచి ఎన్నిసార్లు కేకేసినా తిరిగి చూడడు. ఎదురుగా వెళ్ళి పనివాడిలా నిలబడాలి. అప్పుడు తలెత్తి, "ఏమిరా?" అంటాడు. ఒళ్ళు మండిపోయేది నాకు.

మిషన్ ఏడాదిగా అరుస్తోంది. మొదట్లో అప్పుడప్పుడు, తర్వాత రోజూ. ఉలులు ఒకటి తర్వాత ఒకటి మాడిపోతున్నాయి, మూలలు చిట్లుతున్నాయి. ఉలి మార్చిన ప్రతిసారీ అన్న బిగించి, నడుం నిటారుగా చేసి, మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసేవాడు. "ఇప్పుడు చెప్పండ్రా, ఎవడికన్నా తప్పు కనబడతాందా?" అన్నట్టు ఉండేది ఆ చూపు. తర్వాత అడిగేవాడు.

"ఎట్లుండాది రేణుకా?"

"బాగుండాది మేస్త్రీ," అనేది రేణుక తల ఎత్తకుండా. అంటూనే పాలిష్‌కి పెట్టుకున్న దూదిలోంచి ఇంత తుంచి రెండు చెవుల్లోనూ కుక్కుకునేది. అనంతపురం పక్కనుంచి కూలికొచ్చిన మనిషి, ఆమెకేం అవసరం నిజం చెప్పడానికి? అయినా నాకు ఆమె మీదా కోపమే వచ్చేది.

హేమంత్‌కుమార్ వచ్చిపోయిన మర్నాడు దేవరాజ్‌ను పిలిపించాను. మోటార్లూ మిషన్లూ రిపేరు చేయడంలో చేయి తిరిగినవాడు. అన్న ఒప్పుకోలేదు. "మిషన్‌కేమొచ్చింది రోగం? రోగం వీని చేతికి," అన్నాడు. నేను వినలేదు. దేవరాజ్ మోటారు విప్పాడు, బేరింగులు మార్చాడు, టేబుల్ నట్లన్నీ బిగించాడు, లివర్ పళ్ళకు గ్రీజు పెట్టాడు. ఉలీ బరమా తీసేసి మోటారు వట్టిగా తిప్పితే గుర్రుమని మెత్తగా తిరిగింది. అన్న వచ్చి ఉలి పెట్టాడు, చెవి పెట్టాడు, బిగించాడు. మిషన్ వేసేసరికి మళ్ళీ అదే అరుపు.

దేవరాజ్ ఉలి వైపు ఒకసారి చూశాడు. సామాన్లు సర్దుకుని, బయట నా స్కూటర్ దగ్గరికి వచ్చాక చిన్నగా అన్నాడు.

"నాగేంద్రణ్ణా, మిషన్‌లో ఏమీ తప్పు లేదప్పా. ఉలి పెట్టడంలో ఉండాది. సందే లేదు దాంట్లో."

"మా అన్న ముప్పై ఏళ్ళనుంచి పెడతాండాడు కదప్పా."

"ఉండొచ్చు. నువ్వొకసారి బిళ్ల పెట్టి చూడు. బిళ్ల పెట్టినా, పని నడిచేటప్పుడు చెవి దానిమీదే ఉండాల. టేకు జిగురు లోపల పట్టినా, బరమా జారినా మళ్ళా అరుస్తాది. అప్పుడు ఆపి తుడిచి మళ్ళా పెట్టుకోవాల, అంతే."

అమావాస్య నాడు మావాళ్ళు పనిముట్టు ముట్టరు. షెడ్డుకు సెలవు. సరిగ్గా ఆ రోజే, పొద్దున్నే, ఎస్.పి. రోడ్డులో ఇంకో చక్ కీ కొనుక్కుని ఒక్కణ్ణే షెడ్డు తెరిచాను. పాపమైతే నాకే చుట్టుకోనీ అనుకున్నాను. అన్న బిగించిన ఉలి విప్పి చూస్తే దేవరాజ్ చెప్పిందే నిజం. బరమా అంచు ఉలిని రాసి రాసి వెండిలా మెరుస్తోంది. రూపాయి బిళ్ల పెట్టి బిగించాను. ఒక టేకు కొయ్య ఎక్కించి లివర్ లాగాను. పొట్టు సాఫీగా పైకి వచ్చి పడింది. మోటారు గుర్రు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఏడాదిగా మమ్మల్ని పీక్కు తిన్న అరుపు ఒక్క బిళ్లతో పోయింది.

సంతోషించాల్సింది పోయి నాకు పిచ్చి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉలి పెట్టిన మనిషికి సందు తెలియదా? ఎందుకు తెలియదు! తెలిసే చేస్తున్నాడు. మిషన్ అరవాలి, నిందంతా నా చేతి మీద పడాలి, కీ నా నడుముకి రాకూడదు. అంతేకదా లెక్క? మీరే చెప్పండి, నా స్థానంలో ఉంటే మీరైనా ఇంకేమనుకుంటారు? ఉలిని మళ్ళీ అన్న పెట్టినట్టే సందు లేకుండా బిగించి, తాళం వేసి ఇంటికొచ్చాను. పట్టుకుంటే చేస్తుండగానే పట్టుకోవాలి.

మర్నాడు హేమంత్‌కుమార్ మళ్ళీ వచ్చాడు, మిషన్ బాగైందా లేదా చూసుకుందామని. అన్న హడావుడిగా పాత ఉలి తీసేసి కొత్త ఉలి పెట్టాడు. ఆయన చూస్తున్నాడని మరీ భక్తిగా, వంగి, చెవి ఆనించినంత దగ్గరగా పెట్టి చక్ తిప్పాడు. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ నాకు ఇనుము గీసుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినబడుతోంది. అన్న తల ఊపాడు. అక్కడే బిగించాడు. తర్వాత నడుం ఎత్తి, అలవాటుగా మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు.

"ఇప్పుడు చూడండి సార్, చప్పుడే ఉండదు. రేయ్ నాగా, మెల్లగా వత్తు."

నేను రెండంటే రెండు వేళ్ళతో లివర్ పట్టుకుని లాగాను. మిషన్ గొంతు చించుకుంది. హేమంత్‌కుమార్ "అయ్యయ్యో!" అని చెవులు మూసుకుని వెనక్కి జరిగాడు. అన్న ఆయన మొహం చూసి, వెంటనే నా మీదికి వచ్చాడు.

"చూసినారా సార్? నేను చెప్పలా? ఇట్ల పడతాడు దాని మీద! చెప్తే వినేవాడైతే కదా!"

"రెండు వేళ్ళు!" అని అరిచాను. "రెండు వేళ్ళతో లాగుతాండా! కళ్ళు లేవా నీకు? ఎంత అరుస్తాందో వినబడతా లేదా? చెవుడా నీకు?"

ఆ మాట మన ఇళ్ళలో రోజుకి పదిసార్లు అంటాం. పిల్లల్ని అంటాం, పెళ్ళాన్ని అంటాం. నేనూ తిట్టుగానే అన్నాను, దేవుడి తోడు. కానీ అన్న తిరిగి తిట్టలేదు. మా అన్న తిట్టకుండా ఊరుకోవడం నా జన్మలో అదే చూడటం. మొహం నల్లబడిపోయింది. ఆ చేతులు కీ మీదికి వెళ్ళి, దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు.

మీరైతే అక్కడితో వదిలేసేవారేమో. నేను వదల్లేదు. ఏడాదంతా పడ్డ మాటలు ఉన్నాయి కదా లోపల, అవన్నీ ఒక్కసారే పైకొచ్చాయి.

"వెనక్కి తిరుగన్నా," అన్నాను.

"ఏమిటికిరా?"

"తిరుగు, చెప్తా."

తిరిగాడు. ఎందుకు తిరిగాడో ఇప్పటికీ తెలియదు. నా కీ జేబులోంచి తీశాను. బిళ్ల పెట్టి ఉలి బిగించి మిషన్ వేశాను. మెత్తగా తిరుగుతోంది. కొయ్యలోకి దించాను, అయినా అరుపు లేదు.

"ఇప్పుడు అరుస్తాందా, లేదా?" అని అన్న చెవి దగ్గరికి వెళ్ళి కేకేశాను.

అన్న గోడవైపే ఉన్నాడు. తల కొంచెం పక్కకు వంచాడు.

"అరుస్తా ఉండాది," అన్నాడు.

హేమంత్‌కుమార్ నా వైపు చూశాడు. నేను మిషన్ ఆపి, సందు లేకుండా బిగించి, మళ్ళీ వేశాను. షెడ్డు రేకులు కూడా ఆ అరుపుకి జివ్వుమన్నాయి.

"ఇప్పుడు?" మళ్ళీ చెవి దగ్గరే కేకేశాను.

"ఇప్పుడు లేదు." తల ఊపాడు. "ఇప్పుడు బాగుండాది."

"సాలించప్పా నాగన్నా!" రేణుక దూది విసిరేసి లేచి నిలబడింది. "సాలించు. ఆయప్ప నీకు అన్న కదప్పా!"

మిషన్ ఆపాను. అన్న ఇటు తిరిగాడు. ఎవరి మొహమూ చూడలేదు ఈసారి. నడుముకున్న నల్లతాడు ముడి విప్పబోతే అది బిగుసుకుపోయింది. గోళ్ళతో పీకీ పీకీ విప్పాడు. కీని నా చేతికివ్వలేదు, మిషన్ టేబుల్ మీద పెట్టాడు. బయటికి నడిచి, చెప్పులేసుకుని, బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. హేమంత్‌కుమార్ గొంతు సవరించుకుని, "పోనీలే, ఇప్పుడు సరిపాయె కదా, పని చూసుకోండి," అన్నాడు.

ఆయుధపూజదాకా ఆగలేదు నేను. ఆ సాయంత్రమే కట్టుకున్నాను. సంతోషం కలిగిందా అంటే కలిగింది, అబద్ధం ఎందుకు? మర్నాటినుంచి మిషన్ నోరెత్తలేదు. ఉలులు మాడటం మానేశాయి. విల్లా ఓనర్లు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, హేమంత్‌కుమార్ నన్ను వాళ్ళకి "మేస్త్రీ" అని చూపించాడు. రేణుక చెవుల్లో దూది పెట్టుకోవడం మానేసింది. మాటలు కూడా బాగా తగ్గించింది నాతో. తగ్గిస్తే తగ్గించనీ అనుకున్నాను.

అన్న షెడ్డుకు రాలేదు. ఆయన బదులు వదిన పాపక్క వచ్చింది. కొంగు నడుముకి చెక్కుకుని, పనివాళ్ళందరూ వింటుండగానే మొదలుపెట్టింది.

"ఏమప్పా మేస్త్రీ, కడుపు సల్లబడిందా? నలుగురిలో బయటపెట్టినావు కదా, నువ్వే పిలుచుకోనిపో ఆస్పత్రికి. నాతో రానంటాండాడు."

"నీకు తెలుసా వదినా ఈ సంగతి?"

"తెలీకేం? టీవీ ఊరంతా వినేటట్లు పెడతాడు. కుక్కరు కూత వేస్తే వినబడదు. ఎన్నో దినాలుగా చెప్తాండా, డాక్టరుకు చూపించుకోమని. నోరు మూసుకో, షెడ్డులో తెలిసిందంటే కీ పోతాది అన్నాడు. పిల్లల మీద ఒట్టు పెట్టించుకున్నాడు నా చేత."

ఆమె వెళ్ళిపోయాక మిషన్ దగ్గర కూర్చుండిపోయాను. వెనకనుంచి పిలిస్తే పలక్కపోవడం గర్వం కాదన్నమాట. ఆ మొహాలు చూడటం సవాలు కాదన్నమాట. మిషన్ అరుస్తోందో లేదో మా మొహాలు చూసి తెలుసుకునేవాడు. హేమంత్‌కుమార్ చెవులు మూసుకుంటేనే తెలిసింది ఆయనకు, చప్పుడనేది ఒకటి ఉందని. ఎక్కడినుంచి వస్తోందో తెలియక నా చేతి మీద పెట్టేశాడు. మా నాన్న కూడా చివరి రోజుల్లో ఎంత పిలిచినా పలికేవాడు కాదు. ఇద్దరం కలిసి ఆయన్ని ముసలి గర్వమని తిట్టుకునేవాళ్ళం. జాలి కలగలేదా అంటే కలిగింది. దానికంటే కోపమే ఎక్కువ కలిగింది. తమ్ముణ్ణి కదా నేను? ఒక్క మాట చెవిన వేసి ఉంటే ఏం పోయేది? రహస్యంగా నేనే సందు పెట్టి ఉండేవాణ్ణి కదా? పెట్టి ఉండేవాణ్ణా అని మీరు అడక్కండి.

మడివాళలో చెవుల ఆస్పత్రి. స్కూటర్ వెనక అన్న. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "టీ తాగుదామా?" అని అడిగాను. పలకలేదు. వినబడలేదో, వినబడినా పలకలేదో, ఇక ఆ తేడా నాకెప్పటికీ తెలియదు.

అక్కడ గాజు కిటికీ ఉన్న చిన్న గది. లోపల కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో ఒక బటన్ పెడతారు. కూత వినబడినప్పుడల్లా నొక్కాలి. బయట మీటల ముందు ఒక కన్నడ పిల్ల కూర్చుని ఉంటుంది. అన్న లోపలికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తున్నాను. మొదట రెండు మూడు సార్లు నొక్కాడు. తర్వాత బటన్ చేతిలో పెట్టుకుని, పరీక్ష రాయడానికొచ్చిన పిల్లాడిలా బుద్ధిగా ఎదురు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

బయటికి వచ్చి నా చెవిలో అన్నాడు. "ఆ పిల్లకు చెప్పురా. మొదట్లో కూసింది, మధ్యలో మిషన్ నిలిచిపోయింది. మళ్ళా పెట్టమను."

నవ్వొచ్చింది నాకు. ఆ పిల్ల ముందే నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుంటూ, మీరేం పని చేస్తారని కన్నడలో అడిగింది. ఇద్దరిదీ ఒకే షెడ్డని చెప్పాను.

"అయితే మీరూ కూర్చోండి సార్. ఎలాగూ వచ్చారు కదా."

"నాకేం? పాము బుస కొట్టినా వినబడుతుంది నాకు," అన్నాను కన్నడలోనే. మా మిషన్ అరుపు ఏడాదంతా విన్నవాణ్ణి కదా! అన్న చూస్తున్నాడు కాబట్టి మరీ ధైర్యంగా వెళ్ళి కూర్చున్నాను. తలుపు మూసుకుంది.

కూత. నొక్కాను. ఇంకో కూత, కొంచెం సన్నగా. నొక్కాను. ఇంకొకటి, చీమ కుట్టినంత చిన్నది, అదీ పట్టుకున్నాను. అన్న వైపు చూసి కళ్ళెగరేశాను. తర్వాతి కూత కోసం వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ రాలేదు. ఆ పిల్ల కాగితాలు చూసుకుంటోందేమో, ఆలస్యం చేస్తోందనుకున్నాను. ఆస్పత్రుల్లో ఇంతే, మనిషిని కూర్చోబెట్టి వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారని తిట్టుకున్నాను కూడా. కాసేపటికి విసుగొచ్చి గాజులోంచి ఆమె చేతి వైపు చూశాను.

చెయ్యి ఆగలేదు. ఒక మీట తిప్పుతోంది, నొక్కుతోంది, నా వేలు వైపు చూస్తోంది. మళ్ళీ తిప్పుతోంది, నొక్కుతోంది, చూస్తోంది.

తలుపు తెరిచి, "ముగీతు సార్," అంది.

అయిపోయిందట. నాకింకా మొదలే కాలేదు.

"అణ్ణందే తరహా సార్," అంది ఆ పిల్ల మెల్లగా. అన్నలాగానే ఉందట. ఆయనకు ముదిరిపోయిందట, నాకు సన్నటి చప్పుళ్ళ దగ్గర మొదలైందట. గట్టిగా ఉన్నవి ఇంకా వినబడతాయట, చిన్నగా ఉన్న సన్నటివి వినబడవట. ఇకమీదట చెవులు మూసుకుని పనిచేయమంది. పోయింది మాత్రం తిరిగి రాదంది. ఆమె ఇంకా ఏదో చెబుతుంటే కాగితం లాక్కుని మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

అన్న బెంచీ మీదనుంచి లేచాడు.

"ఏమనిందిరా?"

"నాకేమీ లేదంట. బాగుండాదంట."

నా మొహం చూశాడు. షెడ్డులో ఉలి బిగించాక చూసేవాడే, అలాగే చూశాడు. ఈసారి తల నేనే తిప్పుకున్నాను.

"అట్లనా," అన్నాడు. "మొదట్లో నేనూ మీ వదినకు అట్లే చెప్పినా."

మర్నాడు షెడ్డుకు వెళ్ళాను. నడుముకి కీ ఉంది. బిళ్ల పెట్టి ఉలి బిగించి, పొద్దున్నుంచి టేకు కొయ్యలకు బెజ్జాలు వేశాను. జిగురు టేకు. మధ్యాహ్నానికి చెయ్యి ఆగింది. మోటారు గుర్రు వినబడుతోంది, అంతే. అంతేనా? నాకు వినబడేది అంతేనా, ఉన్నదే అంతేనా? వంగి చెవి పెట్టాను. మెత్తగానే ఉంది. నడుం ఎత్తి షెడ్డులోకి చూశాను. రంపం దగ్గరివాళ్ళు అటు తిరిగి ఉన్నారు. మూలన రేణుక ఒక తలుపు మీద వంగి పాలిష్ పడుతోంది.

"రేణుకా," అని పిలిచాను. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను. "మిషన్ ఎట్లుండాది?"

"బాగుండాది మేస్త్రీ," అంది తల ఎత్తకుండా.

ఆమె రెండు చెవుల్లోనూ దూది ఉంది.